చెరువు నడిమి మసీదు, మూసేసిన నీటి కన్నాలు

నా ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్లు ఉన్నాయనగా, ఒక ఫిబ్రవరి మొదట్లో, మేడ్చల్, శామీర్‌పేట మండలాల్లోని పాత కట్టడాలను పరిశీలించే పని నాకు అప్పగించారు. అప్పటికి నేను కన్సర్వేషన్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఆ మాట వినగానే చాలామంది నన్ను కోటలకు రంగులు వేయించే ఆఫీసరనుకునేవారు. మా పని అది కాదు. కట్టడం ఎందుకు పాడవుతోందో కనిపెట్టాలి, ఆ కారణాన్ని ఆపాలి, మొదట కట్టినవాళ్లు వాడిన సామానుతోనే దాన్ని మళ్లీ నిలబెట్టాలి. రంగులు వేసేవాళ్లు మా తర్వాత వచ్చి, మేం చేసింది కనపడకుండా చేస్తారు.

నేను పుట్టి పెరిగింది కుత్బుల్లాపూర్‌లో, ఫ్యాక్టరీ కార్మికుల కాలనీలో. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ ఇతరుల దేవుళ్ల ఇళ్లలో పగుళ్లు చూడటం. ఇలాగే గడిచింది నా ఉద్యోగమంతా. నా పేరు విని "మసీదుల సంగతి మీకేం తెలుసమ్మా" అని అడిగినవాళ్లు లేకపోలేదు. గోడకు మతం ఉండదు, తడి మాత్రం ఉంటుందని చెప్పి ఊరుకునేదాన్ని.

ఆ పరిశీలనలో నాకు తగిలిన కట్టడం శామీర్‌పేట నుంచి కొంత లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊరి చెరువు నడుమ, చిన్న రాతిగుట్ట మీద ఉన్న మసీదు. ఊరి పేరు చెప్పను. అక్కడివాళ్లు ఇంకా అక్కడే బతుకుతున్నారు. చుట్టూ వెంచర్ల హద్దురాళ్లు పాతుకుంటూ వస్తున్నా, ఆ చెరువు కట్ట కింద మాత్రం అప్పటికింకా వరి పండుతోంది. మసీదు ప్రభుత్వ రక్షణ జాబితాలో లేదు. జాబితాలో లేని కట్టడానికి ఇంజనీరు సలహా ఇవ్వగలడు, ఆజ్ఞ ఇవ్వలేడు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. తర్వాత జరిగినదంతా దీని మీదే ఆధారపడింది.

గుట్ట మీదికి వెళ్లడానికి పడవ లేదు. చేపలు పట్టే మల్లేశం తన థర్మకోల్ తెప్ప మీద నన్ను కూర్చోబెట్టుకుని వెదురుగడతో తోశాడు. "గట్టిగ కూసో మేడం. అటిటు కదిలితివంటె ఇద్దరం చేపలకు బువ్వైతం" అన్నాడు. నవ్వొచ్చింది కానీ నవ్వడానికి ధైర్యం చాలలేదు. ఒడిలో కొలతల పెట్టె, రెండు చేతులతో తెప్ప అంచు పట్టుకుని వెళ్లాను.

గుట్ట మీద నన్ను దింపుకున్న మనిషి ఖాసిం చాచా. డెబ్బై దాటినవాడు, బక్కపలచటి మనిషి, మసీదు ఊడ్చేదీ, అజాన్ ఇచ్చేదీ ఆయనే. కట్ట కింద కొద్దిపాటి పొలమూ ఉంది. నేను గడప బయటే ఆగాను. ఆడమనిషిని లోపలికి రానిస్తారో లేదో, ఊరూరికీ పద్ధతి మారుతుంది కాబట్టి అడగడం నా అలవాటు. ఆయన చీపురు పక్కన పెట్టి, "అల్లా ఇంట్ల ఆడోళ్లు రావద్దని ఎవలన్నరు? చెప్పులు గాడ ఇడిసి రా బేటీ. నీ పని నువ్వు జూస్కో" అన్నాడు.

మసీదు చిన్నది. తూర్పు ముఖంగా మూడు కమానులు, వాటి వెనక ఒకే ఒక పొడవాటి గది. రెండు మూలల్లో పొట్టి మినార్లు, వాటి కొసన మొగ్గలాంటి గుమ్మటాలు, మొగ్గ కింద తామర రేకులు. కప్పు అంచున పిట్టగోడకు గచ్చుతో చేసిన జాలీ అల్లిక. గచ్చు అంటే సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో మెత్తగా నూరి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసి నానబెట్టిన ముద్ద. పనితనం తెలిసిన చేతిలో అది వెన్నలా ఒదుగుతుంది, ఆరాక రాయవుతుంది. లోపల పడమటి గోడలో మిహ్రాబ్, అంటే మక్కా దిక్కును చూపే గూడు. దాని పైన ఒక్క తీగా ఒక్క పువ్వూ, అంతే. ఆ సంయమనం చూసి నాకు ముచ్చటేసింది. పెద్ద సర్దార్లు కట్టించిన మసీదుల్లో అలంకారం ఎక్కువై కళ్లు అలసిపోతాయి.

శాసనం లేదు. వేటకొచ్చిన ఒక గోల్కొండ సర్దారు నమాజు వేళ దాటిపోతుంటే ఇక్కడే కట్టించాడని ఊళ్లో చెప్పుకుంటారు. వేటకొచ్చిన సర్దారు లేని పాత మసీదు మా చుట్టుపక్కల నేనింతవరకూ చూడలేదు. కమాను వంపును బట్టి, మొగ్గ తీరును బట్టి గోల్కొండ సుల్తానుల చివరి కాలమని చెప్పవచ్చు, అంతకుమించి రాస్తే అది కల్పన. ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. మసీదు ముందు, చెరువు తర్వాత. ఎందుకంటే కింది చబూత్రా, అంటే మసీదును మోస్తున్న రాతి వేదిక, రెండు కాలాల్లో కట్టినది. అడుగున దొరికిన రాళ్లు దొరికినట్టు పేర్చారు. పైన చెక్కిన రాళ్లను వరుసలుగా కట్టారు. ఎవరో తర్వాతి రోజుల్లో కట్ట వేసి చెరువు నింపదలచినప్పుడు, మసీదు మునగకుండా వేదికను ఎత్తు చేశారు. ఆ పై వరుసలో, నీళ్లు నిండితే ఎక్కడిదాకా వస్తాయో దానికి జానెడు పైన, చుట్టూ ముంగిలి అంచు నుంచి బయటికి చిన్న చిన్న నీటి కన్నాలు వదిలారు.

ఆ కన్నాల పని చెప్పాలి. వాన నీళ్లు, నమాజుకు ముందు వజూ చేసి కాళ్లూ చేతులూ కడుక్కున్న నీళ్లు ముంగిట్లో ఇంకి వేదిక లోపలి మట్టిలోకి దిగుతాయి. అవి బయటికి పోవడానికి దారి కావాలి. కన్నాలు ఆ దారి. వేసవిలో చెరువు ఎండితే వేదిక మొత్తం కన్నాల గుండా గాలి పీల్చుకుని ఆరేది. ఏటా తడవడం, ఏటా ఆరడం. కట్టినవాడు ఈ లెక్క చూసుకునే కట్టాడు.

ఊరికి ఒక అలవాటు ఉండేదని ఖాసిం చాచా చెప్పాడు. చెరువు నెర్రెలిచ్చిన రోజుల్లో ఊరంతా గుట్టకు నడిచి వెళ్లి మసీదుకు సున్నం వేసేది. ముసల్మాన్లే కాదు, రైతులు, చేపలు పట్టేవాళ్లు, అందరూ. "సున్నం ఏసినంకనే వాన పడ్తదని నమ్మకం ఉండె మేడం. మల్లేశం వాళ్ల అయ్య మినార్ ఎక్కుతుండె. నాకు బుగులైతుండె చూస్తె." ఇప్పుడు ఎందుకు వేయడం లేదని అడిగాను. కాలువ నీళ్లు వచ్చాక చెరువు ఎండటం మానేసింది. అలుగు కూడా ఎత్తు పెంచారు. అలుగు అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు. దాన్ని పెంచితే చెరువులో నీటిమట్టం పెరుగుతుంది. ఊరికి రెండు పంటలు దక్కాయి. గుట్టకు నడిచే దారి మాత్రం మునిగిపోయింది, దారితో పాటు ఆ అలవాటూ పోయింది.

అప్పుడు నా చూపు వేదిక లోపలి అంచున పడింది. కన్నాలు ఉండాల్సిన ప్రతి చోటా బూడిదరంగు సిమెంటు బిళ్లలు. సిమెంటంటే నాకు ఒళ్లుమంట. సున్నం గోడ మనిషి ఒంటి లాంటిది, చెమట పట్టాలి, ఆరాలి. దానికి సిమెంటు పూస్తే ఊపిరాడదు. ఎవరు మూశారని కాస్త విసురుగానే అడిగాను.

"నేనే మేడం" అన్నాడాయన, సంతోషంగా. "అలుగు పెంచినంక నీళ్లు ఉల్టా కన్నాలల్లకెళ్లి లోపటికి వచ్చుడు షురువైంది. ముంగిట్ల ఊరుతుండె. నేలకు వంగి సజ్దా జేసెటోళ్ల మోకాళ్లు తడుస్తుండె. పరేషాన్ అయిన. మేడ్చల్ పోయి సిమెంట్ తెచ్చి, మల్లేశం తెప్ప మీద ఏస్కొచ్చి, నీళ్లు జర దిగినప్పుడు ఒక్కొక్కటి బందు జేసిన. చూడు, ఎంత గట్టిగున్నదో." మడమతో ఒక బిళ్లను తన్ని చూపించాడు. నిజంగానే చాలా గట్టిగా ఉంది.

నిర్ధారణ కాకుండా కారణం పైకి చెప్పకూడదు. పడమటి గోడ దగ్గరికి వెళ్లి దారానికి గుండు కట్టి వేలాడదీశాను. గోడా, దాన్ని కింద మోస్తున్న వేదిక గోడా కలిసి బయటికి ఉబ్బి ఉన్నాయి. మిహ్రాబ్ పక్కన నేల నుంచి కప్పుదాకా ఒక పగులు పాకింది. దానికి అడ్డంగా సన్నని గాజు పలకలు అతికించాను. గాజు చిట్లితే పగులు ఇంకా కదులుతోందని అర్థం. మళ్లీ వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని చాచాకు చెప్పాను.

నెలాఖరుకు మళ్లీ వెళ్లాను. గాజులన్నీ చిట్లాయి. చాచా వాటి కిందే కూర్చుని ఉన్నాడు. "పలిగినయి మేడం. చెయ్యి గూడ వెట్టలే నేను, అల్లా కసం. ఏమైతాంది దీనికి?" అన్నాడు.

ఇంతకాలం ఎందరికో ఎన్నో గోడల సంగతి చెప్పాను. ఆ రోజు మాత్రం కొలతల పెట్టె పక్కన పెట్టి, చాచా ఎదురుగా కూర్చుని చెప్పాను. నీళ్లు రాతి సందుల్లోంచి ఎలాగూ లోపలికి చేరుతున్నాయి. పైనుంచి వాన నీళ్లూ దిగుతున్నాయి. చెరువు నిండుగా ఉన్నంతసేపు బయటి నీళ్లు గోడను లోపలికి ఒత్తుతాయి కాబట్టి రెండు వైపులా సరిపోతుంది. పొలాలకు తూము ఎత్తి చెరువు కాస్త దిగినప్పుడు బయటి ఒత్తిడి తగ్గుతుంది, లోపలి నీళ్లకు మాత్రం పోయే దారి లేదు. అవి గోడను బయటికి తోస్తాయి. ఏడాదిలో ఎన్నిసార్లు నీళ్లు దిగితే అన్నిసార్లు తోస్తాయి.

ఆయన అడిగాడు. "మరి నేను మూయకపోతె?"

"ముంగిట్లో తడి ఉండేది చాచా. అడుగున కొంచెం కొంచెం పాడయ్యేది. కానీ గోడ ఇట్లా ఉబ్బేది కాదు" అన్నాను.

ఆయన సిమెంటు బిళ్ల మీద అరచేయి పెట్టి కూర్చున్నాడు. "సున్నం ఏసేటప్పుడు పెద్దోళ్లు పొడుగు కట్టెలు వెట్టి కన్నాలు సాపు జేస్తుండిరి. మేం పిల్లలం, గదేదో ఆటలెక్క చూస్తుంటిమి. మా అబ్బా నాకు ఊడ్సుడు నేర్పిండు, అజాన్ నేర్పిండు. గా కన్నాలు ఎందుకో చెప్పలే. అడగాల్నని నాకు గూడ తెల్వలే" అన్నాడు. లేచి చీపురు అందుకున్నాడు.

బాగుచేసే మార్గం ఉంది. నీళ్లు కన్నాల కిందికి నెమ్మదిగా దించాలి, సిమెంటు తీయాలి, లోపలి నీళ్లు పోనివ్వాలి, ఉబ్బిన భాగాన్ని విప్పి అవే రాళ్లతో, గానుగలో నూరిన డంగు సున్నంతో మళ్లీ కట్టాలి. నీటి అంచున కట్టిన సున్నం గట్టిపడటానికి నెలలు పడుతుంది. అంటే వానలకు ముందు గోడ ఆరాలంటే మార్చిలోనే చెరువు దించాలి. మార్చిలో కట్ట కింద రెండో పంట, యాసంగి వరి, పొట్ట మీద ఉంటుంది. కోతలయ్యేదాకా ఆగితే పనికి మే నెల ఒక్కటే మిగులుతుంది. గుట్ట చుట్టూ మట్టికట్ట వేసి నీళ్లు తోడే పద్ధతి ఒకటుంది, దానికి యంత్రాలు కావాలి. జాబితాలో లేని కట్టడానికి అంతపని వద్దని నా ప్రతిపాదనను పైనుంచి తిప్పి పంపారు. ఇక మిగిలింది ఊరు ఒప్పుకోవడమే. పంచాయతీ తీర్మానం చేస్తే నీళ్లు దించడానికి అభ్యంతరం లేదని సాగునీటివాళ్లు చెప్పారు.

సర్పంచ్ యాదమ్మ గ్రామసభ పెట్టింది. పొద్దున్నే పంచాయతీ ఆఫీసు ముందు టెంటు వేశారు. నేను నిలబడి కారణం, మార్గం, నష్టం మూడూ తెలుగులో చదివాను. నీటి కన్నాలు మూసుకుపోవడం వల్ల అని రాశాను కానీ ఎవరు మూశారో రాయలేదు. అది ఇంజనీరింగ్‌కు అవసరం లేదు. ఒక పంట పోతుందనేసరికి గొణుగుడు మొదలైంది. "ఒక్క యాసంగి ఎండితె సాలు, మడి అమ్ముకుంటరు మేడం. వెంచర్లోళ్లు కట్ట మీదనే తిరుగుతున్నరు" అంది యాదమ్మ. ఆమె మాటలో అబద్ధమేమీ లేదు. అప్పుడు మల్లేశం లేచాడు. "నీళ్లు పోతె నా చేపలు గూడ పోతయి. పోనియ్యి. మా అయ్య ఎక్కిన మినార్ అది. మల్ల కట్టగలమా?" అన్నాడు. ఆ మాటతో గొణుగుడు తగ్గింది. కట్ట కింద ఎక్కువ పొలం ఉన్న ఒక పెద్దమనిషి, "సరే, ఒక్క పంటనే గద" అన్నాడు. యాదమ్మ తీర్మానం రాయమని కార్యదర్శి వైపు తిరిగింది. నా జీవితంలో ఒక ఊరు ఒక గోడ కోసం ఇంత దూరం రావడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వెనక నుంచి ఖాసిం చాచా నిలబడి, "రాయకుండ్రి" అన్నాడు.

అందరూ తిరిగి చూశారు. "ఆ కన్నాలు వాటంతటవే మూస్కపోలే. నేను మూసిన. సిమెంట్ వెట్టి నా చేతులతోని మూసిన. మేడం నా ఇజ్జత్ కోసం చెప్తలేదు. నేను జేసిన దానికి ఊరి పైరు ఎండుడు ఏంది? పొట్ట మీదున్న వరిని ఎండవెట్టి కట్టిన మసీదుల నమాజ్ నాకు పడ్తదా? నేను చదవలేను. నీళ్లు దించకుండ్రి."

యాదమ్మ, "నువ్వు కావాల్నని జేసినవా చాచా, కూసో" అంది. మల్లేశం భుజం పట్టుకుని కూర్చోబెట్టబోయాడు. ఆయన కూర్చోలేదు. నేను ఇంజనీరుగా చెప్పగలిగింది చెప్పాను. ఇది తప్పొప్పుల లెక్క కాదని, గోడకు అవి తెలియవని, ఇప్పుడు దించకపోతే వానల్లో పడిపోతుందని చెప్పాను. "పడనియ్యి బేటీ" అన్నాడాయన. ఆయన వద్దన్నాక దించుదామనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నిజం చెప్పాలంటే, కొందరి ముఖాల్లో బరువు దిగిన జాడ కూడా కనిపించింది. తప్పుపట్టను. తీర్మానం లేకుండానే సభ ముగిసింది.

ఉన్నంతలో చేయాల్సినవి చేశాం. మసీదు అంగుళం అంగుళం కొలిచి పటాలు గీశాం, ఫోటోలు తీశాం. గోడను లోపలి నుంచి ఇనుప కడ్డీలతో బిగించాం. కోతలయ్యాక యాదమ్మ మాట మీద మే నెలలో నీళ్లు దించారు. ఖాసిం చాచా ఉలి, సుత్తి తీసుకుని తయారయ్యాడు. మా మేస్త్రీలు ఉన్నారని చెప్పినా వినలేదు. "నేనే మూసిన, నేనే తీస్త" అన్నాడు. ఎండలో కూర్చుని ఒక్కొక్క బిళ్లా పగలగొట్టాడు. ప్రతి కన్నం నుంచీ నల్లటి నీళ్లు మురుగు వాసనతో బయటికి దూకాయి. చేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. సున్నం తట్ట మోస్తున్న మల్లేశం తల తిప్పుకున్నాడు.

ఉబ్బిన భాగంలో సగం కూడా కట్టకముందే వానలు దిగాయి. ఆషాఢంలో ఒక మధ్యాహ్నం మల్లేశం ఫోన్ చేశాడు. "మేడం, పడమటి గోడ పోయింది. మిహ్రాబ్ గూడ పోయింది" అన్నాడు. గోడ నీళ్లలోకి పడింది. లోపల ఎవరూ లేరు. మూడు కమానులు మాత్రం ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. తూర్పు నుంచి చూస్తే వాటి గుండా చెరువు కనబడుతుంది.

ఆఖరి నివేదిక కోసం వెళ్లినప్పుడు చాచా కట్ట మీద కనిపించాడు. తెప్ప ఎక్కమని మల్లేశం పిలిచినా రాలేదు. శుక్రవారాలు శామీర్‌పేటకు పోతున్నానన్నాడు. నేను బయల్దేరుతుంటే మెల్లగా అన్నాడు. "మేడం, నీళ్లే కూలగొట్టినయని నువ్వు చెప్పి ఉంటె నేను నమ్ముతుంటి."

కోపంగా అనలేదు. ఈ రోజు మళ్లీ అదే గాజు పలకల కింద అదే ప్రశ్న అడిగినా నేను నిజమే చెబుతాను. కారణం దాచిన ఇంజనీరు తర్వాతి గోడను కూడా పడగొడతాడు. ఆ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

కానీ ఆ మసీదు తర్వాత, శిక్షణకు వచ్చిన ప్రతి కొత్త ఇంజనీరుకూ నేను మొదట పగుళ్ల గురించి చెప్పడం మానేశాను. ఏ కట్టడానికి వెళ్లినా ఏటా మరమ్మతుకు ఎవరు వచ్చేవారో, ఎప్పుడు మానేశారో అడగమన్నాను. నేను చూసినంతలో, పాత కట్టడాలను ఎక్కువగా పాడుచేసేది శత్రువులు కాదు, వాటిని రోజూ ఊడ్చేవాళ్లు. వాళ్లకు ప్రేమ ఉంటుంది, చేతికందే సిమెంటు ఉంటుంది, చెప్పేవాళ్లు ఉండరు. ఊరు సున్నం వేయడం మానేసిన ఏడాదే మాలో ఎవరైనా ఆ గుట్టకు వెళ్లి కన్నాల సంగతి చెప్పి ఉంటే అది సలహా అయ్యేది. నేను వెళ్లేసరికి అది తీర్పు అయింది.